ఒట్టిపోయిన రోజుల లెక్క

తెనాలికి దగ్గరలోని మా ఊళ్లో మా తమ్ముడు మూడు గేదెలను, ఒక పడ్డను మేపుతున్నాడు. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు, మన గేదె ఒక్కొక్కటి ఏడాదికి సుమారు 55 కిలోల మీథేన్‌ను గాలిలోకి వదులుతుందని, ఆ వాయువులో ఉన్న శక్తి నాలుగు గ్యాసు బండలకు పైగా ఉంటుందని లెక్క కట్టి చెప్పాను. కిలో మీథేన్‌లో దాదాపు 55 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది, 14.2 కిలోల వంటగ్యాసు బండలో సుమారు 700 ఉంటుంది కాబట్టి ఇది చిన్న భాగహారమే. మా అమ్మ శ్రద్ధగా విని, "అయితే దాన్నేదో పట్టి పొయ్యికి పెట్టే ఉపాయం చూడు నాయనా, ఊరికే లెక్కలు చెప్పకుండా" అంది. ఆ మాటకు అందరం నవ్వుకున్నాం కానీ అమ్మ అడిగిన దాంట్లో అసలు విషయం ఉంది. ఆ నాలుగు బండల ఇంధనం గేదెకు మేము పెట్టిన మేతలోంచే పోయింది. అది పాలుగానో, ఒంటిమీద కండగానో మారి ఉండవలసిన భాగం.

ఈ వాయువు తోకవైపు నుంచి వస్తుందని చాలామంది అనుకుంటారు, పత్రికల్లో వచ్చే హాస్య చిత్రాలు కూడా అలాగే వేస్తాయి. నిజానికి తొంభై శాతానికి పైగా నోటి నుంచి, త్రేన్పుల రూపంలో వస్తుంది. నెమరువేసే పశువు పొట్టలో నాలుగు గదులు ఉంటాయి. వాటిలో మొదటిదీ, పెద్దదీ అయిన గదిలో గాలి తగలని చోట కోటానుకోట్ల సూక్ష్మజీవులు గడ్డిని పులియబెడతాయి. మనిషికి అరగని పీచును పాలుగా మార్చే విద్య అంతా అక్కడే ఉంది. పీచు పులిసి ఎసిటిక్ ఆమ్లంగా మారేటప్పుడు హైడ్రోజన్ మిగులుతుంది. అది పేరుకుపోతే పులియడమే ఆగిపోతుంది కనుక, ఆర్కియా అనే మరో జాతి సూక్ష్మజీవులు ఆ హైడ్రోజన్‌ను బొగ్గుపులుసు వాయువుతో కలిపి మీథేన్‌గా మార్చి బయటికి తోసేస్తాయి. అదే తవుడు, జొన్నలు, మొక్కజొన్న వంటి పిండిపదార్థం ఎక్కువగా ఉన్న మేత పులిసినప్పుడు ప్రొపియానిక్ ఆమ్లం ఎక్కువగా తయారవుతుంది. దాని తయారీకి హైడ్రోజన్ ఖర్చవుతుంది కాబట్టి మీథేన్‌కు మిగిలేది తక్కువ. పశువుల మీథేన్ గురించి జరిగే పరిశోధనలన్నీ చివరికి ఈ ఒక్క ప్రశ్న దగ్గరికే వస్తాయి: మిగిలిన హైడ్రోజన్‌ను ఎక్కడికి పంపాలి? మేతలో ఉన్న మొత్తం శక్తిలో సాధారణంగా ఆరు శాతం దాకా ఈ దారిలోనే పోతుంది, ఎండు వరిగడ్డి ఒక్కటే తినే పశువులో అంతకన్నా ఎక్కువే పోతుంది.

మీథేన్ వాతావరణంలో ఉండేది దాదాపు పన్నెండేళ్లే అయినా, ఉన్నంత కాలం అది పట్టి ఉంచే వేడి చాలా ఎక్కువ. వందేళ్ల లెక్కన చూస్తే బొగ్గుపులుసు వాయువుకు సుమారు 28 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే 80 రెట్లు. మనుషుల పనుల వల్ల వెలువడే మీథేన్‌లో మూడో వంతుకు కాస్త తక్కువ పశుపోషణ నుంచే వస్తుంది. త్వరగా పోయే వాయువు కాబట్టి, ఈ రోజు తగ్గిస్తే ఫలితం మన పిల్లల కాలంలోనే కనిపిస్తుంది. ఇంతవరకు వివాదం లేదు. తప్పు ఎవరిదో తేల్చేందుకు ఏ కొలత వాడాలన్న దగ్గరే తగవు మొదలవుతుంది.

వాతావరణ మార్పులపై ఏర్పడిన అంతర్ ప్రభుత్వ సంఘం 2006లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒక పట్టిక ఉంది. దాని ప్రకారం ఉత్తర అమెరికా పాడి ఆవు ఏడాదికి 128 కిలోల మీథేన్ వదులుతూ 8,400 కిలోల పాలిస్తుంది. భారత ఉపఖండపు పాడి ఆవు 58 కిలోలు వదులుతూ 900 కిలోల పాలిస్తుంది. తలకు ఇంత అని లెక్కిస్తే మన ఆవు అమెరికా ఆవులో సగం కూడా కాదు, కనుక మనం నిర్దోషులం. కిలో పాలకు ఇంత అని లెక్కిస్తే అక్కడ 15 గ్రాములు, ఇక్కడ 64 గ్రాములు, కనుక మనమే దోషులం. ఒకే పట్టిక నుంచి రెండు తీర్పులు వస్తున్నాయి, ఎవరికి అనుకూలమైన తీర్పు వాళ్లు తీసుకుంటున్నారు.

రెండూ నాకు సగం లెక్కలుగానే కనిపిస్తాయి. మన పశువు తక్కువ వదులుతుందన్న గొప్ప దాని అర్ధాకలి మీద నిలబడి ఉంది. తక్కువ తినే పశువు తక్కువే త్రేన్చుతుంది, అందులో మన ఘనత ఏమీ లేదు. కిలో పాల లెక్క చెప్పేవారేమో, మన ఎద్దు దుక్కి దున్నిందని, పేడ పిడకలై పొయ్యిలోకీ ఎరువై చేలోకీ వెళ్లిందని, మనుషులు తినగలిగే ధాన్యం కాక చేలో మిగిలిన గడ్డినే మన గేదె తిన్నదని లెక్కలో వేయరు. 2021లో గ్లాస్గోలో జరిగిన ప్రపంచ వాతావరణ సదస్సు సమయంలో మీథేన్‌ను 2030 నాటికి 30 శాతం తగ్గిస్తామని అనేక దేశాలు ప్రతిజ్ఞ చేసినప్పుడు భారతదేశం అందులో చేరలేదు. పశువుల నుంచి, వరి చేల నుంచి వచ్చే మీథేన్ చిన్న రైతు బతుకుతెరువుతో ముడిపడినది, విలాసాల వల్ల వచ్చినది కాదన్నది మన ప్రభుత్వ వాదన. ఆ వాదనతో నేను ఏకీభవిస్తాను. అయితే సంతకం చేయకపోవడం వేరు, పని చేయకపోవడం వేరు. మా తమ్ముడి మేత ఖర్చులో కొంత గాలిలో కలుస్తుంటే అది గ్లాస్గో సమస్య కాకముందే మా పాక సమస్య.

ఇక పరిష్కారాల మాటకొస్తే, పత్రికల్లో ఎక్కువగా కనిపించేవి దాణాలో కలిపే పొడులే. 3-ఎన్‌ఓపీ అనే రసాయనం, అంటే బజారులో బోవేర్ పేరుతో అమ్మేది, మీథేన్ తయారీలో చివరి మెట్టు దగ్గర ఒక ఎంజైమును అడ్డుకుంటుంది. పాడి ఆవుల్లో సగటున 30 శాతం దాకా తగ్గిస్తుందని తేలడంతో ఐరోపా సమాఖ్య 2022లో, అమెరికా 2024లో దానికి అనుమతినిచ్చాయి. కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపంలో సముద్రపు ఒడ్డున నాచు తిన్న పశువులు మెరుగ్గా ఉన్నాయని ఒక రైతు గమనించడంతో మొదలైన వెతుకులాట, ఆస్ట్రేలియా శాస్త్రవేత్తల చేతుల్లో ఆస్పరాగాప్సిస్ అనే ఎర్ర నాచు దాకా వెళ్లింది. కొన్ని ప్రయోగాల్లో అది 80 శాతానికి పైగా తగ్గించింది. మన దేశంలో బెంగళూరులోని జాతీయ పశు పోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ టానిన్లు అనే వగరు పదార్థాలు ఉన్న మొక్కల నుంచి హరిత ధార అనే మిశ్రమం తయారు చేసి, మీథేన్ 17 నుంచి 20 శాతం తగ్గుతుందని 2021లో ప్రకటించింది. అప్పట్లో కిలో తయారీకి ఆరు రూపాయల ఖర్చన్నారు. చింతగింజల పై పొట్టులో కూడా ఇలాంటి టానిన్లే ఉంటాయి. చింతపండు కొట్టి గింజలు పారేసే మన ఇళ్లకు ఇది వినసొంపైన వార్తే.

వీటిని నేను తీసిపారేయడం లేదు. కానీ 3-ఎన్‌ఓపీ వంటి మందు పొట్టలో కొన్ని గంటల్లోనే కరిగిపోతుంది, కనుక తినే ప్రతి ముద్దలోనూ సమానంగా ఉండాలి. గడ్డి, దాణా, పాతర మేత (గాలి తగలకుండా మాగబెట్టిన పచ్చిమేత) అన్నీ యంత్రంలో కలిపి రోజంతా ముందు పోసే డెన్మార్క్ కొట్టంలో అది కుదురుతుంది. పొద్దున గట్ల మీద మేసి, మధ్యాహ్నం వరిగడ్డి నమిలి, పాలు తీసే రెండు పూటలా మాత్రమే కుడితీ దాణా తాగే మా గేదెకు ఎలా కుదురుతుంది? దాని కన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. మీథేన్ ఆగితే మిగిలిన శక్తి పాలుగా మారాలని కాగితం మీద లెక్క చెబుతుంది. ప్రయోగాల్లో మాత్రం పాలు చెప్పుకోదగినంత పెరిగినట్టు కనిపించలేదు. అంటే రైతు జేబు నుంచి డబ్బు వెళుతుంది, తిరిగి రాదు. డెన్మార్క్ 2030 నుంచి పశువుల వాయువుపై పన్ను వేయబోతోంది కాబట్టి అక్కడి రైతుకు పన్ను తగ్గుదలైనా దక్కుతుంది. ఒకటి రెండు పశువులున్న కోట్లాది ఇళ్ల మీద అలాంటి పన్ను వేయాలని ఇక్కడ ఎవరూ కలలో కూడా అనుకోకూడదు.

అందుకే నేను వేరే చోట వెతకాలంటాను. మన దగ్గర మీథేన్‌లో ఎక్కువ భాగం పాలిచ్చే రోజుల్లో కాక, పాలివ్వని రోజుల్లో వృథా అవుతోంది. ఒక గేదె పదేళ్ల జీవితాన్ని తీసుకుందాం. మొదటిది నాలుగేళ్లకు తొలిసారి ఈని, ఆ తర్వాత ప్రతి 18 నెలలకు ఒకసారి ఈనుతుంది అనుకుందాం. మిగిలిన ఆరేళ్లలో దానికి నాలుగు ఈతలు. రెండోది మూడేళ్లకే ఈని, 14 నెలలకు ఒకసారి ఈనుతుంది అనుకుందాం. ఏడేళ్లలో ఆరు ఈతలు. ఈతకు 1,800 లీటర్ల పాలు, పెద్ద గేదెకు ఏడాదికి 55 కిలోల మీథేన్, పెరిగే పడ్డకు సగటున 25 కిలోలు అని నేను వేసుకున్న అంచనాలతో లెక్కిస్తే, మొదటి గేదె 430 కిలోలు వదిలి 7,200 లీటర్లు ఇస్తుంది. రెండోది 460 కిలోలు వదిలి 10,800 లీటర్లు ఇస్తుంది. లీటరుకు 60 గ్రాములు ఉన్నది 43 గ్రాములకు దిగింది. అంటే దాదాపు 29 శాతం తగ్గుదల, విదేశీ పొడి ఇచ్చేంత ఫలితం. పైగా మొదటి రకం గేదెలు మూడు ఇచ్చే పాలను రెండో రకం గేదెలు రెండే ఇస్తాయి. ఈతల ఎడం తగ్గితే ఒక్కో ఈతలో పాలు కొంత తగ్గుతాయన్నదీ, బాగా మేపితే త్రేన్పు కొంత పెరుగుతుందన్నదీ నేను ఈ లెక్కలో వదిలేశాను. అవి కలిపితే 29 కాస్తా కొంత దిగవచ్చు కానీ దిశ మారదు.

నాలుగేళ్ల ఈత నేను ఊహించినది కాదు. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ (అక్కడ బర్రె అంటారు, పశువు అదే) గ్రామాల్లో ఇది మామూలు సంగతి. కారణం మా ఇంట్లోనే చూశాను. పాలిచ్చే గేదెకు గానుగ చెక్క, తవుడు, పచ్చగడ్డి అన్నీ వెళతాయి. పడ్డకు మిగిలిన వరిగడ్డే గతి, ఎందుకంటే అది రేపటికి డబ్బు తెచ్చేది కాదు. మా పాత పడ్డ ఒకటి నాలుగున్నరేళ్లకు గానీ ఈనలేదు. అది పుట్టినప్పటి నుంచి నట్టల మందు సమయానికి తాగలేదు, ఖనిజ లవణ మిశ్రమం రుచి చూడలేదు. దాని మీద ఆదా చేశామనుకున్న దాణా డబ్బు, ఏడాదిన్నర ఎక్కువగా మేపిన మేత ముందు ఏ మూలకూ రాదని మా తమ్ముడికి ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకూ తెలియదు.

రెండో కారణం మూగ ఎద. ఆవు ఎదకొస్తే అరిచి, ఎగబడి ఊరంతటికీ చెబుతుంది. గేదె చాలాసార్లు చెప్పదు. ఎండాకాలంలో అసలే చెప్పదు, చెప్పినా రాత్రిపూటో తెల్లవారుజామునో చెబుతుంది. పాకలో పడుకునే మనిషి ఉన్న రోజుల్లో ఎదకు గుర్తుగా తీగలు వేయడం కంటబడేది. ఇప్పుడు అందరూ మేడ మీద పడుకుంటున్నారు. ఒక ఎద తప్పితే మళ్లీ 21 రోజులు ఆగాలి. ఆ 21 రోజుల్లో గేదె తిన్న మేతను పక్కన పెట్టినా, మూడు కిలోలకు పైగా మీథేన్ ఊరికే పోయినట్టు. మూడు ఎదలు తప్పించుకున్న గేదె తొమ్మిది కిలోలు దండగ చేసినట్టు. వాతావరణం గురించి ఎన్ని సదస్సులు జరిగినా, వేకువన నాలుగింటికి టార్చిలైటు పట్టుకుని పాకలోకి వెళ్లి చూసే మనిషి చేసే మేలు వాటిలో ఎక్కడా నమోదు కాదు. ఎదను గుర్తించాక, ఊళ్లో పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర సమయానికి రావడం, అతని దగ్గర మంచి ముర్రా జాతి వీర్యం ఉండడం తర్వాతి మెట్లు. ఆడదూడలే ఎక్కువగా పుట్టేలా వేరుచేసిన వీర్యం ఇప్పుడు దొరుకుతోంది. ట్రాక్టరు వచ్చాక ఎద్దుతో పని లేకుండా పోయింది, దున్నదూడను ఎవరూ సరిగా మేపరు. అలాంటి దూడలు తక్కువ పుట్టడం కూడా మీథేన్ తగ్గింపే, ఆ దూడల విషయంలో దయ కూడా.

ఇక మేత. డెల్టాలో మేతంటే వరిగడ్డే. ఒకే వరి రెండుసార్లు మీథేన్ ఇస్తుందన్నది నాకు ఎప్పుడూ వింతగా తోస్తుంది, ఒకసారి నీళ్లు నిలిచిన మడిలో, మరోసారి గేదె పొట్టలో. వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతానికి మించవు, పీచు గట్టిది, పైగా ఇసుకలాంటి సిలికా ఎక్కువ. పొట్టలోని సూక్ష్మజీవులకు నత్రజని అందకపోతే అవి నీరసంగా, నిదానంగా పులియబెడతాయి. మేత ఎక్కువసేపు పొట్టలో ఉంటుంది, తినే మేతకు చోటు చాలదు, పాలు దిగవు, వాయువు మాత్రం వస్తూనే ఉంటుంది. దీనికి మందు కొత్తదేమీ కాదు. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను నీళ్లలో కరిగించి చల్లి, గాలి చొరకుండా కప్పి, మూడు వారాలు మాగనిస్తే మాంసకృత్తుల విలువ దాదాపు రెట్టింపవుతుంది, పీచు మెత్తబడుతుంది. మొదటిసారి మేము చేసినప్పుడు టార్పాలిన్‌కు చిరుగు ఉందని చూసుకోలేదు. ఒక పక్క గడ్డి బూజు పట్టి పారేయాల్సి వచ్చింది. మిగిలిన దాన్ని అమ్మోనియా వాసన పోయేదాకా ఆరబెట్టకుండా వేయడంతో గేదెలు మూతి తిప్పుకున్నాయి. రెండోసారికి కుదిరింది. కోత యంత్రం గడ్డిని చేలోనే నలిపేయడం, అది కట్టలు కట్టించేలోపే కొందరు తగలబెట్టడం చూస్తే, ఈ విద్య నేర్పాల్సింది గేదెల రైతుకా, వరి రైతుకా అన్న అనుమానం వస్తుంది. చాలాచోట్ల ఇద్దరూ ఒకరే.

మా నాయనమ్మ పత్తిగింజలు నానబెట్టి, రోట్లో రుబ్బి గేదెకు పెట్టేది, వెన్న బాగా వస్తుందని. ఆ గింజల్లోని నూనె మీథేన్‌ను కూడా కొంత తగ్గిస్తుంది. మేతలో కొవ్వు ఒక శాతం పెరిగితే మీథేన్ మూడు నుంచి ఐదు శాతం దాకా తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి, ఆరేడు శాతం దాటితే పీచు అరగడం దెబ్బతింటుందని కూడా చెబుతున్నాయి. పాత గానుగ చెక్కలో నూనె మిగిలేది, ఇప్పుడు ద్రావకంతో పిండిన చెక్కలో దాదాపు ఏమీ మిగలదు. పాతదంతా మంచిదని నేను అనను. అదే నాయనమ్మ కాలంలో పడ్డలు ఐదేళ్లకు ఈనేవి. ఇంతకీ ఏ పశువుకు ఏది ఎంత పెట్టాలన్నది నాయనమ్మ చేతివాటం మీద కాక తూకం మీద జరగాలి. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ఊళ్లోనే దొరికే మేతలతో పశువుకు తగిన పాళ్లు లెక్కగట్టి చెప్పే కార్యక్రమం నడిపింది. దానిలో కిలో పాలకు మీథేన్ 12 నుంచి 15 శాతం తగ్గినట్టు తేలింది, మేత ఖర్చు కూడా తగ్గింది. రైతుకు లాభం వస్తూ గాలికి మేలు జరిగే పద్ధతి ఇదొక్కటే నాకు కనబడుతోంది. దీన్ని పక్కన పెట్టి ఎర్ర నాచు గురించి మాట్లాడటం, ముందు పంచెకు చిరుగు కుట్టకుండా తలపాగాకు జరీ వెతకడం లాంటిది.

నా వాదనలోని బలహీనతను కూడా నేనే చెప్పాలి. పైన వేసిన లెక్కలో రెండో గేదె మొదటి దాని కన్నా 30 కిలోలు ఎక్కువ మీథేన్ వదిలింది. మూడింటి చోట రెండే మేపితేనే గాలికి లాభం, మూడూ అలాగే ఉంటే నష్టం. దేశం మొత్తం మీద చూస్తే కొంత ధైర్యం కలుగుతుంది. 2012 పశుగణనకూ 2019 పశుగణనకూ మధ్య ఆవులు, గేదెలు కలిపి ఒక శాతం చిల్లర మాత్రమే పెరిగాయి. దాదాపు అదే కాలంలో, అంటే 2012-13 నుంచి 2018-19కి, పాల దిగుబడి 13.2 కోట్ల టన్నుల నుంచి 18.8 కోట్ల టన్నులకు పెరిగింది. అంటే పశువులు పెరగకుండా పాలు పెరగడం మనకు సాధ్యమే, అది కళ్లముందు జరిగింది. ఆ ఏడేళ్లలో పశువులు తగ్గడం మాత్రం జరగలేదు. ఒట్టిపోయిన ముసలి ఆవును ఏం చేయాలన్న ప్రశ్నకు చట్టమూ ఆచారమూ కలిసి ఒక జవాబు ఇచ్చాయి, ఆ జవాబు ఖర్చును మాత్రం రైతుకు వదిలేశాయి. గేదె విషయంలో ఆ ఇబ్బంది లేదు. మన రెండు రాష్ట్రాల పాడి ప్రధానంగా గేదె మీద నిలబడటం ఈ ఒక్క విషయంలో కలిసివచ్చింది.

పాలకేంద్రంలో రైతుకు డబ్బు వెన్న శాతాన్ని, వెన్న కాని ఘనపదార్థాన్ని చూసి ఇస్తారు. త్రేన్పును కొలిచే సీసా అక్కడ లేదు, ఉండాలని నేను కోరను కూడా. కానీ తొలి ఈత వయసూ, ఈతల మధ్య ఎడమూ కొలవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. చెవిపోగు సంఖ్య, రెండు తేదీలు చాలు. మీథేన్ పేరు చెప్పి డబ్బిస్తామనే సంస్థలు ఎవరైనా వస్తే, పొడి సంచులకు కాక ఆ రెండు తేదీలకు డబ్బివ్వమని అడగాలి. పద్నాలుగు నెలల్లోపు మళ్లీ ఈనిన గేదెకు ఇంత, మూడేళ్లకే ఈనిన పడ్డకు ఇంత అని ప్రకటిస్తే, వేకువన టార్చిలైటు పట్టుకునేవాళ్లు తప్పకుండా పెరుగుతారు.

ఇదంతా విని మా తమ్ముడు ఒకే మాట అడిగాడు. "రెండు గేదెలే మూడింటి పాలిస్తే మూడోదాన్ని ఎందుకు అమ్మాలి అన్నయ్యా? అది కూడా అలాగే ఇస్తే ఇంకా పాలొస్తాయి కదా?" గడ్డి చాలదని, పేడ ఎత్తే మనుషులు దొరకడం లేదని, అమ్మకు మోకాళ్ల నొప్పులని చెప్పాను. అవి అమ్మడానికి కారణాలే గానీ మీథేన్ కారణాలు కావని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. మీథేన్ కోసం గేదెను అమ్మమని నేను వాడికి చెప్పలేను. పాక గుంజకు కట్టిన క్యాలెండరులో పడ్డ ఎదకొచ్చిన తేదీ చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి, ఇరవై ఒకటో రోజు దగ్గర మరో సున్నా చుట్టాడు. దానికి ఇంకా రెండున్నరేళ్లు నిండలేదు. ప్రస్తుతానికి పాకలో గేదెలు మూడూ ఉన్నాయి.